ఆపణ్ అంటే ఎందరు

పండరి పాస్టరు చదువుతాడు, ఆయనకు అర్థం కాదు. హీరాబాయికి అర్థమవుతుంది, ఆమెకు చదవడం రాదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి పని అవుతుంది. ఆ ఒక్క మనిషి మొన్న చలికాలంలో పోయాడు.

బల్ల మీద రెండు నోటుపుస్తకాలున్నాయి. హీరాబాయి మొగుడు జేత్యా నాలుగేళ్ళపాటు రాసినవి. లంబాడీకి లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాశాడు. సృష్టి కథ, సువార్తల్లోంచి కొన్ని భాగాలు, ప్రార్థనలు. పాస్టరు వరస కింద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. దీర్ఘం ఉన్నచోట పొట్టిగా పలుకుతాడు, లేనిచోట సాగదీస్తాడు. హీరాబాయి చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని వింటుంది. మాట దొరికితే దాన్ని సరిగ్గా పలికి, తెలుగులో ఏమంటారో చెబుతుంది. పాస్టరు ఆ మాట నెత్తిన పెన్సిలుతో రాసుకుంటాడు. దొరక్కపోతే మళ్ళీ చదవమంటుంది. ఒక పేజీ తెమిలేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది.

మొగుడి మాటలు ఇంకొకరి నోట వంకరటింకరగా వస్తుంటే లోపల ఏదో ఒకటి కావాలి. ఏమీ కావడం లేదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంది ఆమెకు బతుకు. తన కాలేనని తెలుసు, గిచ్చితే మాత్రం తెలియదు. అయిదు నెలలుగా ఇంతే. చేతులకు గాజులు తీసేసిన చోట చర్మం తెల్లగా పట్టీలు కట్టినట్టు మిగిలింది. జూన్ ఎండలో రోజూ నస్రుల్లాబాద్ దిక్కు తండా నుంచి బాన్సువాడకు నడిచి వస్తున్నా ఆ తెలుపు మాసిపోలేదు.

పాస్టరమ్మ భాగ్యవతి చాయ గ్లాసు తెచ్చి చాప పక్కన పెట్టింది. హీరాబాయి తాగింది. తియ్యగా ఉందో చప్పగా ఉందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

ఈ చదువంతా ఒక్క గుంత కోసం. చర్చి బొందలగడ్డలో జేత్యాకు ఆరడుగుల చోటు కావాలి. అక్కడే కూతురు చాంద్రి ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు తట్టు పోసి పోయింది. చనిపోయే ముందు జేత్యా అడిగింది అదొక్కటే, చాంద్రి పక్కన పెట్టమని. పెట్టనివ్వలేదు. కిందటి దసరా ముందు బిచ్కుంద నుంచి ఒక బోధకుడు వచ్చాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడు పేర్లతో ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, యేసు అన్న ఒక్క పేరుతోనే మునగాలనీ చెప్పాడు. జేత్యా ఆయన వెంట కాలువలో దిగి రెండోసారి మునిగాడు. దాంతో చర్చికి దూరమయ్యాడు. తండా దేవతలను అంతకు చాలా ముందే వదిలాడు కాబట్టి తండావాళ్ళు తమ వల్లకాటిలోకీ రానివ్వలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, ఆ రేవడికి కూడా చచ్చాక ఎక్కడో కాసింత చోటు దొరుకుతుంది. జేత్యాకు కాలువకట్ట దొరికింది.

ఇప్పుడు ఆ కట్ట కూడా నిలిచేట్టు లేదు. సోమవారం మనుషులు వస్తారనీ, కింద గండి పడిన చోట పోయడానికి ఇక్కడి మట్టే తవ్వుతారనీ, ఆ తర్వాత నీళ్ళు వదులుతారనీ కాలువ లష్కరు చెప్పి పోయాడు. హీరాబాయి పోయి చర్చి పెద్ద భిక్యా కాళ్ళు పట్టుకుంది. భిక్యా చెడ్డవాడేం కాదు. జేత్యాకు వరసకు తమ్ముడు, చాంద్రి గుంత తవ్వింది అతనే. కానీ మూడు పేర్లు కాదన్నవాణ్ణి మూడు పేర్లతో పూడ్చిన పిల్ల పక్కన ఎట్లా పెడతామన్నాడు. రేపు ఒక్క పేరు వాళ్ళంతా బొందలగడ్డలో తమకూ వాటా ఉందని వస్తారన్నాడు. చివరికి పాస్టరు నడుమ పడి ఒక దారి తీశాడు. కాలువలో మునిగిన తర్వాత కూడా జేత్యా మనసులో ముగ్గురే ఉన్నారని అతని చేతిరాతలో దొరికితే రానిద్దాం అని. పెద్దలు సరేనన్నారు. వెతకడానికి మంగళవారం నుంచి శుక్రవారం దాకా గడువు.

మొదటి రోజు ఏమీ దొరకలేదు. హీరాబాయి లేచి, పాస్టరమ్మ గ్లాసు కడిగి బోర్లించి, ఇంటిదారి పట్టింది.

కాలువకట్ట మీద వెంకట్రాములు పటేలు ఎదురయ్యాడు. జేత్యా ఆయన చెరుకు బండి తోలేవాడు. ఆ చలికాలం పొద్దున పీనుగను ఎత్తుకుని ఎటూ పోలేక నిలబడ్డప్పుడు, తన చెరుకు పక్కన కట్ట మీద పెట్టుకోండి, అడిగేవాడెవడో చూస్తానన్నది ఈయనే. కట్ట మీద మట్టి కుప్ప ఇప్పటికే సగం కుంగింది. దాని మీద గడ్డి కూడా మొలవలేదు. పటేలు కండువాతో మెడ తుడుచుకుంటూ, పాస్టరు దగ్గర సంగతి ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయనకు సగమే తలకెక్కింది.

"మాకు ముప్పై మూడు కోట్లున్నరు హీరాబాయీ. ఎన్నడన్న కొట్లాడినమా? మీరు ముగ్గురి దగ్గరనే గింత లొల్లి జేస్తున్నరు."

పరిహాసానికే అన్నాడు గానీ అన్నాక ఆయనే నవ్వలేకపోయాడు. తన పొలంలో ఒక మూల ఇద్దామంటే అన్నదమ్ములు ఒప్పుకోవడం లేదని, ఆమె అడగకముందే చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆమెకు పొలం మూల అక్కరలేదు. చాంద్రి పక్కన కావాలి.

బుధవారం రెండో నోటుపుస్తకం తెరిచారు. జేత్యాకు ప్రతి పేజీ నెత్తిన తేదీ వేసే అలవాటుంది. కాలువలో మునిగాక రాసినవన్నీ ఇందులోనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక పాస్టరు గొంతు మారింది. సువార్త చివరన ప్రభువు శిష్యులను లోకం మీదికి పంపుతూ, ఏ పేర బాప్తిస్మం ఇవ్వాలో చెప్పే చోటు అది. జేత్యా మూడు పేర్లూ రాశాడు. ఒక్కటీ వదల్లేదు. పాస్టరు కుర్చీలోంచి సగం లేచి భాగ్యవతిని కేకేశాడు. సాయంత్రమే సైకిలు మీద తండాకు వెళ్ళి ఆ పేజీ భిక్యా ముందు పెట్టాడు.

గురువారం హీరాబాయి వచ్చేసరికి పాస్టరు బల్ల ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. భిక్యా ఒప్పుకోలేదట. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు దింపినవాడు ఆ మాట నమ్మాడని ఎట్లా చెప్పగలం అన్నాడట. ముగ్గురి పేర్లు వరసగా చెప్పినంత మాత్రాన ముగ్గురూ ఒక్కటని అయిపోదు, తండాలో పంచాయితీ పెద్దల పేర్లు మేమూ వరసగానే చెబుతాం అని కూడా అన్నాడట. పాస్టరు ఈ మాట చెప్పి ఒక పక్కకు నవ్వాడు.

"గీ మాటనే జేత్యా గూడ అన్నడు నాతోని. గిప్పుడు ఆయనను బయట పెట్టనీకి భిక్యా అదే అంటుండు."

ఆ రోజు పుస్తకం ముట్టలేదు. పాస్టరు పెన్సిలు చెక్కుతూ, చెక్కిందే మళ్ళీ చెక్కుతూ, ఇదివరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్పుకొచ్చాడు. బోధకుల బడిలో ఉన్నప్పుడు ముసలి పంతులొకాయన ఆయనకో వాక్యం కంఠస్థం చేయించాడు. పరలోకంలో సాక్ష్యం పలికేవారు ముగ్గురు, తండ్రీ వాక్యమూ పరిశుద్ధాత్మా, ఈ ముగ్గురూ ఒక్కటే అని. యోహాను ఉత్తరంలో ఉందని చెప్పాడు. పదిహేనేళ్ళు పాస్టరు దాన్నే నమ్ముకుని బోధించాడు. కిందటేడు జేత్యా ఆ ఉత్తరాన్ని లంబాడీలోకి దింపుతూ వచ్చి, అయ్యగారూ మీరు చెప్పిన వాక్యం ఈడ లేదు అన్నాడు. పాస్టరు తీసి చూశాడు. అక్కడ ఆత్మ ఉంది, నీళ్ళున్నాయి, రక్తముంది. పరలోకపు ముగ్గురు లేరు. పెద్ద పట్నంలో చదువుకున్నవాళ్ళకు ఉత్తరం రాసి కనుక్కున్నాడు. ఇంగ్లీషు పాత ప్రతిలో ఉందట గానీ, అన్నిటికన్నా పాత చేతిరాతల్లో లేదట. తరవాతెప్పుడో ఎవరో చేర్చారట.

ఆ సంగతి జేత్యాకు చెప్పారా అని హీరాబాయి అడగలేదు. చెప్పలేదని ఆమెకు తెలుసు. ఆ రోజుల్లో జేత్యా ఇంటికొచ్చి, ఎక్కడ రాసి ఉందో చూపించమంటే అయ్యగారు పుస్తకం మూసేశారని చెప్పాడు.

"ఒక్క వాక్యం పోతే సత్యం పోదమ్మా," అన్నాడు పాస్టరు. "దేవుడు ఆదిలో మనిషిని జేసేటప్పుడే ఒక మాటన్నడు. రేపు గది చూద్దం."

హీరాబాయి లేచి వచ్చేసింది. దారిలో కాలువ ఎండి పగుళ్ళు తేలి ఉంది. ఎవరిమీదనైనా కోపం తెచ్చుకుందామని చూసింది. కొంచెం దూరం నడిచాక అదీ మరచిపోయింది.

శుక్రవారం పాస్టరు తలస్నానం చేసి కూర్చున్నాడు. సృష్టి కథ పేజీ ముందే తీసి ఉంచాడు. జేత్యా దాన్ని రెండుసార్లు రాశాడు. మొదటిసారి రాసింది పని మొదలుపెట్టిన కొత్తల్లోది. రెండోది కాలువలో మునిగిన నలభై రోజులకు సాఫుగా తిరగరాసింది. తేదీ ఉంది. దేవుడు మనిషిని చేయబోతూ, మన పోలికలో మనిషిని చేద్దాం అంటాడు. ఒక్క దేవుడైతే 'నా' అనాలి గదా, 'మన' అని ఎందుకన్నాడు? పాస్టరు ఆ చోట వేలు పెట్టి, మెల్లగా, ఈసారి 'ణ' ను 'ణ' గానే పలికాడు.

"ఆపణ్."

హీరాబాయి కళ్ళు తెరిచింది.

ఆ మాట తెలుగులో ఏమిటని అడిగాడు పాస్టరు. మనం అని చెప్పింది. మేము కాదు గదా అన్నాడు. కాదు, మేము అనడానికి 'హమ్' అని వేరే ఉంది అన్నది. పాస్టరు బల్ల మీద అరచెయ్యి వేసి కొట్టాడు, సంతోషంగా. మేము అంటే పటేలు కూడా అంటాడు, ఒక్కడే కూర్చుని మేం చూస్తాం పో అంటాడు, అది పెద్దరికం. మనం అంటే అట్లా కాదు. వినేవాడినీ కలుపుకున్న మాట. చేద్దామన్నప్పుడు దేవుడి ఎదుట ఇంకా ఎవరో ఉన్నారు, ఆయనతో సమానంగా మట్టిలో చెయ్యి పెట్టేవారు. ఒక్కడే అని కాలువలో మునిగినవాడు నలభై రోజుల తర్వాత తన చేత్తో, తన భాషలో, ఎన్నో మాటలుండగా ఈ మాట ఏరి రాసుకున్నాడు. ఇంకేం కావాలి? ఇది వింటే భిక్యా కూడా నోరెత్తలేడు. పాస్టరు కాగితం తీసి తేదీ వేశాడు. పెన్సిలు పక్కన పెట్టి కలం తీశాడు.

"ఆపణ్ అన్నమంటే ఇద్దరన్న ఉండాలె గదా హీరాబాయమ్మా? నువ్వు చెప్పు. నీ మాటనే రాస్త."

ఆమెకు జవాబు తెలుసు. దసరా నుంచి పుష్యం దాకా జేత్యాతో తండాలో ఎవరూ మాట్లాడలేదు. క్రైస్తవుల ఇళ్ళు నాలుగూ మాట్లాడలేదు, మిగతావాళ్ళు మాట్లాడక అప్పటికే ఏళ్ళయింది. ఆమె కూడా ఎక్కువ మాట్లాడలేదు. చాంద్రి పక్కన చోటు పోగొడుతున్నాడని కోపం. అప్పుడు గోడకు మట్టి మెత్తుతూ, చెప్పు కుట్టుకుంటూ, ఎద్దులను కట్టేసి వచ్చి ఒక్కడే కూర్చుని రొట్టె తుంచుకుంటూ, జేత్యా తనలో తాను అనుకునేవాడు. ఆపణ్ ఈ పక్క కూడా మెత్తుదాం. ఆపణ్ ఇంత తిని పడుకుందాం. అటు తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

"ఉండాలెనని లేదయ్యగారూ," అన్నది. "ఒక్కడే ఉన్నోడు గూడ అంటడు. మాట్లాడేటోళ్ళు లేకుంటే ఇంకింత ఎక్కువ అంటడు."

కలం కాగితం మీద ఆగిపోయింది. వంటింట్లో భాగ్యవతి జొన్నలు చెరగడం ఆపింది. దసరా అప్పుడు ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి, జేత్యాతో కలిసి కూర్చోవద్దని, తినవద్దని ఇంటింటివాళ్ళకూ చెప్పింది ఎవరో ముగ్గురికీ తెలుసు. పాస్టరు కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. తలెత్తకుండా రాశాడు. రాసింది పైకి చదివాడు. ఆమెకు తెలియకుండా దాచలేదు, ఆ మర్యాద ఆయనకుంది.

"లంబాడీలో ఆపణ్ అనగా ఇద్దరు, లేక అంతకు మించినవారు. ఇది జేత్యా భార్య హీరాబాయి చెప్పిన సాక్ష్యం."

"నేను గట్ల చెప్పలే."

"నువ్వు చెప్పింది నేనిన్న. మంచిగనే ఇన్న," అన్నాడు పాస్టరు. "సోమవారం కట్ట మీదికి గడ్డపారలొస్తయమ్మా. పెద్దలకు గీ ఒక్క ముక్క చాలు."

సిరాదిమ్మ మూత తీసి ఆమె ముందుకు జరిపాడు. అందులో మోసం లేదు. దయే ఉంది. హీరాబాయి దాన్ని చూస్తూ కూర్చుంది. బతికున్నన్నాళ్ళూ ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగిన మనిషికి, రాసిందొకటి ఉండగా ఇంకొకటి చేసి చూపిస్తున్నారు. అది ఆమెకు స్పష్టంగానే తెలుస్తోంది. చాంద్రి తొమ్మిదేళ్ళ పిల్ల, ఆరేళ్ళుగా ఒక్కతే ఉంది, అదీ తెలుస్తోంది. ఆమె బొటనవేలు దిమ్మకు అద్ది కాగితం మీద పెట్టింది. పాస్టరు వేలు పట్టుకుని అటూ ఇటూ దొర్లించాడు.

శనివారం పొద్దున భిక్యా, ఇంకో ఇద్దరూ కిరసనాయిల్లో ముంచిన గుడ్డలు ముక్కుకు కట్టుకుని కట్ట తవ్వారు. అయిదు నెలలకు మిగిలేది మిగిలింది. కొత్త తెల్లగుడ్డలో మూట కట్టారు. వెంకట్రాములు పటేలు తన బండి ఇచ్చాడు, జేత్యా తోలిన ఎద్దులే. బొందలగడ్డలో భిక్యా తానే గుంతలోకి దిగి చాంద్రి రాయికి జానెడు ఎడంలో మూట దించాడు. పైకి వచ్చి వదినా, ఇగ ఫికర్ పెట్టుకోకు అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. హీరాబాయి పిడికెడు మట్టి వేసింది. ఇన్నాళ్ళూ అడిగింది దొరికింది. లోపల ఏమైనా కదులుతుందేమోనని కాసేపు చూసుకుంది. మట్టి మట్టిలాగే ఉంది.

ఆదివారం ఆరాధనకు వెళ్ళింది. పాటలయ్యాక పాస్టరు జేబులోంచి ఆ కాగితం తీశాడు. అందరి ముందూ చదివితేనే రేపు ఎవరూ వేలెత్తి చూపరని భిక్యా పట్టుబట్టాడట. పాస్టరు చదివాడు. చదివి ఊరుకుంటే సరిపోయేది. కానీ చర్చి నిండా జనం, ముందు వరసలో పెద్దలు, పదిహేనేళ్ళ అలవాటు. గొంతు దానంతటదే లేచింది. ఒక్కడే దేవుడని కాలువలోకి దిగినవాడు కూడా చివరికి ముగ్గురనే తన చేత్తో రాసుకున్నాడు, లేఖనం అతని భాషలో కూడా అదే పలికింది, భార్య సాక్ష్యం ఇదిగో అన్నాడు. ఆమేన్ అన్నారందరూ. ఆడవాళ్ళ వరసలో దేవీబాయి, దసరా నుంచి నీళ్ళకాడ కూడా పలకరించని దేవీబాయి, జరిగి చోటిచ్చి హీరాబాయి చెయ్యి పట్టుకుంది. అక్కా, మా ఇంట్లనే తిని పోదువు అన్నది. ఆ వెనకామె భుజం నిమిరింది.

అప్పుడు తెలిసింది హీరాబాయికి. ఇన్నాళ్ళకు తిమ్మిరి వదిలిన చోట సూదులు గుచ్చినట్టు సిగ్గు తెలిసింది. జేత్యా ఇంతమందిలో ఒక్కడై నిలబడి అనని మాట, ఆమె బొటనవేలితో అనిపించింది. అది విని ఇంతమంది ఆమెను దగ్గరికి తీసుకుంటున్నారు. పాస్టరు ఆడవాళ్ళ వైపు చూడకుండా పుస్తకం మూశాడు.

సోమవారం పాస్టరు రమ్మని కబురు పెట్టాడు. జేత్యా వదిలిపెట్టిన పని పూర్తి చేయాలని, పుస్తకం అచ్చయితే మొదటి పేజీలో అతని పేరు వేయిస్తానని. హీరాబాయి వెళ్ళింది. చాప మీద కూర్చుంది. భాగ్యవతి చాయ పెట్టింది. పాస్టరు గొంతు సవరించుకుని సువార్తలో ఒక పేజీ తీశాడు. ఒక వాక్యం చదివాడు. పెన్సిలు పట్టుకుని ఆమె వంక చూశాడు.

"తెల్వదు," అన్నది హీరాబాయి.

సరిగ్గా పలకలేదేమోనని మళ్ళీ చదివాడు. దీర్ఘాలు మార్చి చదివాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు, ఆయన వంకే చూస్తూ వింది. తెల్వదయ్యగారూ అన్నది. ఇంకో వరసకు పోయాడు. దానికీ అదే. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పాస్టరు వేలు వరసల వెంట కిందికీ మీదికీ పోయింది. నాలుగేళ్ళ పని, రెండు పుస్తకాలు, అన్నీ తెలుగు అక్షరాలే. ఒక్కటీ ఆయనకు చెందినట్టు లేదు. చివరికి తనకు తెలిసిన మాట ఒకటి కనిపించింది. ఉర్దూ మాట్లాడేవాళ్ళకూ, మరాఠీవాళ్ళకూ, బాన్సువాడ బస్టాండులో పళ్ళమ్మే ఆవిడకూ తెలిసిన మాట. దాని మీద వేలు ఆనించి, ఆధారం దొరికినట్టు పలికాడు.

"బాప్."

"తెల్వదు."

"బాప్ అంటే తండ్రి గదమ్మా," అన్నాడు పాస్టరు, దాదాపు బతిమాలుతున్నట్టు. "పక్కనే బేటా అని ఉన్నది సూడు. తండ్రి, కొడుకు."

"మీరు చెప్తే గదే అయితది అయ్యగారూ. నాకైతే తెల్వదు."

పాస్టరు రాయలేదు. పెన్సిలు పుస్తకం నడుమ పెట్టి మూశాడు. హీరాబాయి చల్లారిన చాయ తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది.

"రేపు గూడ రావాల్నా?" అని అడిగింది.